పాత బొమ్మలు మంచివే, కానీ అందులో మనం లేం

1972లో కృష్ణ నటించిన సినిమాలు 18 విడుదలయ్యాయి. ఒక్క ఏడాదిలో, ఒక్క హీరోవి. వరంగల్ చౌరస్తాలో అరవై దాటిన పెద్దమనిషిని ఆపి వాటిలో గుర్తున్నవి చెప్పమంటే 'పండంటి కాపురం' పేరు వస్తుంది. కాసేపు ఆలోచిస్తే ఇంకొకటో రెండో వస్తాయి. మిగతా పదిహేను ఏమయ్యాయి? అవి కూడా గోడల మీద పోస్టర్లు వేసుకుని, మైకులో ప్రచారం చేసుకుని, టాకీసుల్లో ఆడినవే. పైసలు దండగైనాయని తిట్టుకుంటూ బయటికి వచ్చిన ప్రేక్షకులు వాటికీ ఉండే ఉంటారు. ఆ సినిమాలతో పాటు ఆ తిట్లూ మరుగున పడ్డాయి.

"మా కాలంలో బొమ్మ అంటే బొమ్మ, ఇప్పటివీ ఒక సినిమాలేనా" అనే మాట పండుగకు పిల్లలందరూ ఇల్లు చేరినప్పుడు టీవీ ముందు తప్పకుండా వినిపిస్తుంది. ఆ మాటలో నిజం కొంత ఉంది. కానీ పోలిక పెట్టే పద్ధతిలోనే ముందు ఒక తప్పు జరుగుతోంది. చెరిగి, రాళ్ళు ఏరి, కడిగిపెట్టిన బియ్యాన్ని ఒక పక్కన పెట్టి, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అప్పుడే దించిన వడ్ల రాశిని ఇంకో పక్కన పెట్టి, ఏవి శుభ్రంగా ఉన్నాయని అడిగినట్టు ఉంటుంది ఆ పోలిక. పాత సినిమా అనగానే గుర్తొచ్చేవి 'పాతాళ భైరవి', 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'గుండమ్మ కథ'. ఇవన్నీ 1951 నుంచి 1962 లోపు వచ్చినవి. పన్నెండేళ్ళలో వచ్చిన కొన్ని వందల సినిమాల్లోంచి కాలం ఏరి మనకు ఇచ్చిన గుప్పెడు సినిమాలు ఇవి. ఇప్పుడు ఒక్క ఏడాదికే రెండు వందలకు పైగా తెలుగు సినిమాలు సెన్సార్ అవుతున్నాయి. వాటిని ఇంకా ఎవరూ చెరగలేదు. చెత్తా, చెదారం, మంచి గింజ అన్నీ కలిసి మన ముందు ఉన్నాయి.

చెరిగే పని కాలం ఒక్కటే చేయలేదు. కొంత ప్రమాదం చేసింది, కొంత నిర్లక్ష్యం చేసింది. తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే దాని ప్రింటు లేదు. అంతకు ముందు 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా లేదు. సినిమాలను భద్రపరిచే జాతీయ సంస్థ పుణెలో మొదలైంది 1964లో. అప్పటికే మొదటి తరం సినిమాల్లో చాలా భాగం పోయింది. మిగిలినవాటిని టీవీ ఇంకోసారి వడగట్టింది. దూరదర్శన్ సాయంత్రాలు, ఆ తర్వాత శాటిలైట్ చానెళ్ళ మధ్యాహ్నాలు మళ్ళీ మళ్ళీ వేసిన సినిమాలే కొత్త తరాలకు 'పాత సినిమా' అయ్యాయి. వేయనివి లేనట్టే అయ్యాయి.

నేటి సినిమా మీద వేసే నిందల్లో కొన్ని మొదటి పరీక్షకే నిలవవు. "ఇప్పుడు అన్నీ రీమేకులే" అంటారు. 'గుండమ్మ కథ' రీమేకే. విఠలాచార్య కన్నడలో తీసిన సినిమా దానికి మూలం. 'మాయాబజార్' కథను 1936లోనే ఒకసారి తెలుగులో తెరకెక్కించారు. 'దేవదాసు' బెంగాలీ నవల. "మరీ మూడు గంటలు, మూడున్నర గంటలు సాగదీస్తున్నారు" అంటారు. 'మాయాబజార్' మూడు గంటలు దాటుతుంది, 'పాతాళ భైరవి' దానికన్నా పెద్దది. ఇబ్బంది నిడివిలో లేదు. ఆ మూడు గంటల్లో ఏం నింపారన్న దానిలో ఉంది. ఇక వయసు సంగతి. మనిషికి పదిహేనుకూ పాతికకూ మధ్య విన్న పాట, చూసిన బొమ్మ పట్టుకున్నట్టు తర్వాత ఏదీ పట్టుకోదు. ఆర్ట్స్ కాలేజీలో చదివే రోజుల్లో దోస్తులతో సెకండ్ షోకు పోయిన మనిషికి ఆ సినిమా గొప్పదా, ఆ రాత్రి గొప్పదా అని విడదీసి చెప్పడం కష్టం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కానీ దాన్ని సినిమా లెక్కలో కలపకూడదు.

ఇవన్నీ తీసేసినా కొంత మిగులుతుంది. పాత సినిమాలో ఉండి, ఇప్పుడు లేకుండా పోయినవి నిజంగానే ఉన్నాయి. వాటికి కారణం మనుషుల్లో ప్రతిభ తగ్గడం కాదు. సినిమా తయారయ్యే పద్ధతి, అమ్ముడుపోయే పద్ధతి రెండూ మారాయి.

మొదటిది రాత. ఫిల్ము మీద తీసే రోజుల్లో ఒక నిమిషం సినిమాకు తొంభై అడుగుల ముడి ఫిల్ము కావాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. నాలుగు వందల అడుగుల చుట్ట నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. ఫిల్ము ఖరీదైన సరుకు. ఒక షాట్ పాడైతే ఆ డబ్బు తిరిగి రాదు. అందుకని కెమెరా తిరగకముందే మాట తేలిపోవాలి. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ మాట దగ్గర తల తిప్పాలో రిహార్సల్‌లో ఖాయం చేసుకోవాలి. విజయా ప్రొడక్షన్స్ లాంటి సంస్థల్లో చక్రపాణి, పింగళి నాగేంద్రరావు లాంటి రచయితలు స్క్రిప్టు మీద నెలలకు నెలలు కూర్చున్నారంటే వెనుక ఈ లెక్క కూడా ఉంది. డిజిటల్ వచ్చాక షాట్‌కు ఖర్చు దాదాపు లేకుండా పోయింది. ఎన్ని టేకులైనా తీయొచ్చు, నాలుగు కెమెరాలు పెట్టొచ్చు, సెకండాఫ్ సంగతి సెట్‌లో చూసుకుందామనుకోవచ్చు. దీనివల్ల చేతిలో పైసలు లేని కుర్రాడు కూడా సినిమా తీయగలుగుతున్నాడు, అది పెద్ద మేలు. కానీ కథను కాగితం మీదే తేల్చుకోవాలనే ఒత్తిడి పోయింది. నేడు ఇంటర్వెల్ దాకా బాగుండి తర్వాత చేజారిపోయే సినిమాలు ఇన్ని కనిపించడానికి పెద్ద కారణం ఇదే.

రెండోది పాట. ఒకప్పుడు గాయకులు, వాద్యకారులు అందరూ ఒకే హాల్లో, కొద్ది మైకుల ముందు ఒకేసారి పాడి వాయించేవారు. వాద్యాలు తక్కువ, మాట పైకి వినపడాలి. ఘంటసాల పాట వింటుంటే ఒక్క అక్షరం కూడా జారిపోకపోవడానికి ఆయన గొంతు ఎంత కారణమో ఆ పద్ధతి కూడా అంతే కారణం. బాణీకి మాటలు కూర్చడం అప్పుడూ ఉంది, ఇప్పుడు కొత్తగా పుట్టింది కాదు. ఇప్పుడు ఒక్కొక్క వాద్యాన్నీ ఒక్కొక్క ట్రాక్‌గా పేర్చి, దాని మీద మళ్ళీ చప్పుడు పేర్చి, చివరికి తెలుగు రాని గాయకుడి చేత పాడించినప్పుడు మాట అడుగున పడిపోతుంది. రాసినవాళ్ళు మంచి మాట రాసినా మనకు చేరడం లేదు.

మూడోది వసూళ్ళ లెక్క. మిగతా రెండింటికన్నా బలమైనది ఇదే. యాభై, అరవై ఏళ్ళ కిందట ఒక సినిమాకు ప్రింట్లు పదుల్లో ఉండేవి. ముందు పెద్ద ఊళ్ళలో పడేది, అక్కడ ఆడాక ఆ డబ్బాలే చిన్న ఊళ్ళకు వెళ్ళేవి. ఆ తర్వాత టూరింగ్ టాకీసులకు. వరంగల్‌లో పడిన బొమ్మ పరకాలకో నర్సంపేటకో చేరేలోపు దాని గురించి పదిమంది నోటా విని ఉండేవారు. నిర్మాతకు కూడా డబ్బు నెలల మీద వచ్చేది. నూరు రోజులు, ఇరవై ఐదు వారాలు అని లెక్కపెట్టిన కాలం అది. మెల్లగా మొదలై, నాలుగో వారానికి పుంజుకున్న సినిమాకు బతికే దారి ఉండేది. ఇప్పుడు ఒకే రోజు వేల స్క్రీన్లలో విడుదలవుతుంది. శుక్రవారం మొదలైతే ఆదివారం రాత్రికి జాతకం తేలిపోతుంది. నాలుగు వారాలు తిరిగేసరికి చాలా సినిమాలు ఫోన్‌లోకి వచ్చేస్తాయి. మూడు రోజుల్లో డబ్బు రాబట్టాల్సిన సినిమా మొదటి పది నిమిషాల్లోనే అరిపించాలి. అందుకే హీరో నడిచొస్తే నేల అదరడం, పది నిమిషాలకోసారి హీరోను ఆకాశానికెత్తే ఎలివేషన్, ఇంటర్వెల్ దగ్గర ఒక బ్యాంగ్. దర్శకుడికి కథ చెప్పడం చేతకాక అలా తీస్తున్నాడనడం పొరపాటు. ఆ మూడు రోజుల టెన్షన్ అలా తీయిస్తోంది.

2015లో 'బాహుబలి' తర్వాత దీనికి ఇంకొకటి తోడైంది. పెద్ద సినిమా ఏదైనా అయిదు భాషల్లో ఒకేసారి నడవాలి. ఒక ఫైటు ఏ భాషలోనైనా ఫైటే. కన్నీళ్ళు కూడా అంతే. కానీ 'మాయాబజార్'లో ఘటోత్కచుడు "వీరతాడు" అన్నప్పుడు పుట్టే నవ్వును హిందీలోకి తీసుకుపోవడం ఎవరి తరమూ కాదు. మాట మీద నడిచే హాస్యం, సామెత, ఎత్తిపొడుపు, ఇవన్నీ డబ్బింగ్‌లో చచ్చిపోతాయి. అమ్మకానికి అడ్డం వచ్చేదాన్ని రాసేటప్పుడే తీసేస్తారు. వందల కోట్ల సినిమాల్లో మాట పలచబడటానికి ఇది అసలు కారణం.

టాకీసుల పరిస్థితి దీన్ని ఇంకా బిగించింది. తెలంగాణలో 2021 చివర ఇచ్చిన జీవో ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు టికెట్ గరిష్ఠంగా 250 రూపాయలు, పైన జీఎస్టీ. వంద దాటిన టికెట్ మీద 18 శాతం, అంటే 295. నలుగురు ఉన్న ఇల్లు వెళ్ళాలంటే టికెట్లకే పన్నెండు వందల దగ్గరకు వస్తుంది. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతితో ఇంకా పెంచుతారు. ఆటో, పాప్‌కార్న్ లెక్క వేరే. ఇంత ఖర్చు పెట్టే కుటుంబం "ఇది హాల్లోనే చూడాలి" అనిపించిన దానికే వెళ్తుంది. నెమ్మదైన చిన్న సినిమాను ఇంట్లో చూద్దాంలే అని ఆపుకుంటుంది. అలా థియేటర్ పెద్ద చప్పుళ్ళ జాగా అయిపోయింది. అక్కడికి పోయి వచ్చినవాళ్ళు ఇప్పటి సినిమాలన్నీ చప్పుళ్ళే అనడం సహజం. వాళ్ళు చూసిన వాటి గురించి వాళ్ళు చెప్పేది నిజమే.

సింగిల్ స్క్రీన్లకు ఇదీ సరిపోవడం లేదు. 2024 మే నెలలో, ఐపీఎల్, లోక్‌సభ ఎన్నికల నడుమ, వేయడానికి సినిమాలు లేక, వేసినా జనం రాక తెలంగాణలో సింగిల్ స్క్రీన్ యజమానులు పది రోజులు హాళ్ళు మూసుకున్నారు. ఊరూరా టాకీసులు ఫంక్షన్ హాళ్ళయ్యాయి, షాపింగ్ కాంప్లెక్సులయ్యాయి, కొన్ని ఊరికే తాళాలు వేసుకుని ఉన్నాయి. నేల టికెట్ పోయింది. కూలికి పోయి వచ్చిన మనిషి చేతిలో ఉన్న చిల్లరతో మూడు గంటలు చల్లగా కూర్చునే చోటు పోయింది. పాత రోజుల గురించి బాధపడాల్సి వస్తే ముందు దీని గురించి బాధపడాలి. ఏ సినిమా గొప్పదన్న వాదనకన్నా ఇది పెద్ద నష్టం.

ఇంతవరకు చెప్పినవి విజయవాడలో కూర్చుని చూసినా, అనంతపురంలో కూర్చుని చూసినా ఒకటే. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు నుంచి చూస్తే మాత్రం ఈ ప్రశ్నకు ఇంకో పక్క ఉంది. దాన్ని వదిలేసి స్వర్ణయుగం గురించి మాట్లాడటం ఈ ప్రాంతానికి న్యాయం కాదు.

సినిమా వ్యాపారంలో ఇప్పటికీ తెలంగాణను 'నైజాం ఏరియా' అంటారు. నిజాం పాలన 1948లో ముగిసింది, పంపిణీ లెక్కల్లో ఆ పేరు మిగిలింది. తెలుగు టాకీ మద్రాసులో పెరుగుతున్న కాలంలో వరంగల్ హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. చదువు, సర్కారు పని ఉర్దూలో నడిచాయి. ఇక్కడి పెద్దవాళ్ళలో చాలామందికి ఘంటసాల ఎంత దగ్గరో హిందీ పాటల రఫీ కూడా అంతే దగ్గర కావడం అందుకే. మద్రాసులో తెలుగు సినిమాకు పెట్టుబడి పెట్టినవాళ్ళు, కథలు రాసినవాళ్ళు ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వచ్చారు. వాళ్ళ ఊరు, వాళ్ళ చేను, వాళ్ళ పెళ్ళి, వాళ్ళ పలకరింపు తెర మీద 'తెలుగు'గా స్థిరపడింది. అందులో కుట్ర వెతకనక్కర లేదు, ఎవరికి తెలిసిన జీవితం వాళ్ళు తీశారు. కానీ ఫలితం ఏమిటంటే, ఆ గొప్ప సినిమాల్లో మానేరు ఒడ్డు లేదు, బతుకమ్మ లేదు, దొర గడీ లేదు, బొగ్గు బావి లేదు.

ఇక్కడి నుంచి మనుషులు వెళ్ళలేదా అంటే వెళ్ళారు. 1909లో కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయిలో హీరో అయ్యాడు, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. కానీ ఆయన వెలిగింది హిందీలో. నేటి మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో పుట్టిన దాశరథి, నేటి రాజన్న సిరిసిల్ల జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సినారె తెలుగు పాటను ఎంత ఎత్తుకు తీసుకెళ్ళారో చెప్పనక్కరలేదు. సినారె 1962లో 'గులేబకావళి కథ'తో సినిమాల్లోకి వచ్చారు. ఆ పాటల్లోని తెలుగు రాజుల కాలం నాటి తెలుగు, ఎవరికీ చెందకుండా అందరికీ చెందే కవితా భాష. నిజాం జైల్లో కూర్చుని తెలంగాణ మీద పద్యాలు రాసిన దాశరథి కూడా సినిమా దగ్గరికి వచ్చేసరికి ఆ భాషలోనే రాశారు. వాళ్ళు తమ ఊరి మాటను చిన్నచూపు చూశారనుకోవడం తప్పు. ఆ సినిమాల్లో ఆ మాట పలికే పాత్రే లేదు. పాత్ర లేనప్పుడు దానికి పాట ఎట్లా వస్తుంది?

తర్వాత పాత్ర వచ్చింది, వచ్చిన తీరు బాధ పెట్టేది. తెలంగాణ యాసను రౌడీకి ఇచ్చారు, పనివాడికి ఇచ్చారు, నవ్వించడానికి వచ్చే మనిషికి ఇచ్చారు. 1985 నాటి 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు వేసిన విలన్ ఈ యాసలోనే మాట్లాడతాడు. ఆయన నటన గొప్పది, అందుకే ఆ పాత్ర అంత బలంగా నాటుకుంది, ఆ దారిలో ఇంకెన్నో పాత్రలు వచ్చాయి. హీరో పుస్తకాల తెలుగు, విలన్ తెలంగాణ తెలుగు. హన్మకొండ బడిలో చదివే పిల్లవాడు వారం వారం అది చూసి ఏం నేర్చుకుంటాడు? ఇంట్లో అమ్మ మాట్లాడే మాట నలుగురిలో మాట్లాడకూడదని నేర్చుకుంటాడు. రెండు మూడు తరాలు అలా నేర్చుకున్నాయి. హైదరాబాద్‌కు ఉద్యోగానికి పోగానే మాట మార్చుకున్నవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

ఆ చీకట్లో కొన్ని దీపాలు వెలిగాయి. సాయుధ పోరాటం మీద బి. నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' 1980లో జనంలోకి వచ్చింది. 'బండెనక బండి కట్టి' అంటూ గద్దర్ తెర మీదికి వచ్చి పాడటం చూసినవాళ్ళకు అది సినిమా అనిపించలేదు, తమ తాతల సంగతి అనిపించింది. ఎనిమిదేళ్ళ తర్వాత నర్సింగరావే తీసిన 'దాసి' గడీలో బతికిన ఆడమనిషి మౌనాన్ని చూపించి ఐదు జాతీయ పురస్కారాలు తెచ్చింది. అవి ఎంత గొప్పవైనా మామూలు సినిమా నడిచే రోడ్డు మీద నడవలేదు. వారం వారం టాకీసుకు పోయే మనిషికి అవి దూరంగానే ఉండిపోయాయి.

మార్పుకు రెండు మూడు కారణాలు కలిసి వచ్చాయి. నైజాం తెలుగు సినిమాకు అన్నింటికన్నా పెద్ద ఏరియా అయింది. టికెట్ కొనేవాడి మాటను ఎగతాళి చేస్తూ ఎంతకాలం అమ్ముకోగలరు? ఉద్యమం యాసను గౌరవంగా పైకి తెచ్చింది, 2014లో రాష్ట్రం వచ్చింది. కెమెరా చవకైంది, యూట్యూబ్ వచ్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి అనే ఊరి నుంచి గంగవ్వ తన మాటను తాను మాట్లాడినట్టే మాట్లాడి లక్షలమంది ఇళ్ళలోకి వెళ్ళింది. ఆ మాటకు జనం ఉన్నారని సినిమా వాళ్ళకు లెక్కతో సహా తెలిసింది. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి హీరోయిన్ అయింది. సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి అయినా ఆ యాస నేర్చుకుని తనే డబ్బింగ్ చెప్పుకుంది. అప్పటిదాకా నవ్వడానికి వాడుకున్న మాటను ఈసారి ముద్దుగా విన్నారు. 2019లో 'మల్లేశం' వచ్చింది. వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించి భుజం నొప్పులు పడే తల్లి కోసం, చీర నేతకు దారం చుట్టిపెట్టే ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ అది. నేతగాడి ఇంటి లోపలి చప్పుడు అంత దగ్గరగా అంతకు ముందు తెలుగు తెర మీద వినిపించలేదు.

2023 మార్చిలో వచ్చిన 'బలగం' గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన వేణు యెల్దండి తీసిన సినిమా. కథ చెప్పాలంటే చాలా చిన్నది. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మూడో రోజు, ఐదో రోజు పిండం పెడితే కాకి ముట్టదు. ఎప్పుడో విందులో నల్లిబొక్క, అంటే మూలుగ ఎముక, దగ్గర మొదలైన పంచాయితీతో ఆడబిడ్డ ఇల్లు, పుట్టిల్లు విడిపోయి ఉన్నాయి. ఇంతే. ఫైటు లేదు, విదేశం లేదు, ఎలివేషన్ లేదు. పెద్దవాళ్ళు పాత సినిమాలో ఏం ఉందని అంటారో అవన్నీ ఇందులో ఉన్నాయి. రాత గట్టిగా ఉంది, ప్రతి పాత్రకూ ఒక పంతం ఉంది, మాట మీద నవ్వు ఉంది, చివర ఏడుపు బలవంతంగా తెప్పించింది కాదు. ఆఖరుకు బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ వచ్చి చనిపోయిన మనిషి వైపు నుంచి ఇంటివాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ పాడతారు. వాళ్ళు దుగ్గొండి వైపు ఊళ్ళలో నిజంగానే ఇలా పాడుకుంటూ బతికిన దంపతులు. సినిమా కోసం ఆ పద్ధతిని కనిపెట్టలేదు. చావు ఇంట్లో కథ చెప్పించడం ఇక్కడ ఉన్నదే.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఊళ్ళ మధ్యలో తెర కట్టి అందరూ కలిసి చూశారు. టూరింగ్ టాకీసులు పోయిన ఇన్నేళ్ళకు పిల్లలు, ముసలివాళ్ళు, ఏళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఒకే చోట నేల మీద కూర్చుని ఒక సినిమా చూశారు. సినిమా ఇంటి ఫోన్‌లోకి వచ్చాక కూడా జనం ఇలా బయట కూర్చుని చూశారంటే కలిసి చూడాలనే కోరిక చావలేదని అర్థం. చావకుండా ఉన్న ఆ కోరికకు అందుబాటు ధరలో చోటు లేదు, అంతే.

పాటలో కూడా అరవై ఏళ్ళ కిందట జరగనిది ఇప్పుడు జరిగింది. 'బలగం'లోని 'ఊరు పల్లెటూరు' పాటకు హన్మకొండ మనిషి కాసర్ల శ్యామ్ జాతీయ పురస్కారం అందుకున్నాడు. 'బలగం' వచ్చిన ఏడాదే, 2023లో, చల్లగరిగె ఊరివాడైన చంద్రబోస్ 'నాటు నాటు'కు ఆస్కార్ తెచ్చాడు. ఆ పాటలో జొన్నరొట్టె ఉంది, మిరప తొక్కు ఉంది. దాశరథి, సినారె స్థాయి కవిత్వమా అని అడిగితే కాదు, అలా పోల్చడం కూడా సరికాదు. కానీ ఆ మహాకవులు సినిమాలోకి తీసుకురాలేకపోయిన ఇంటి మాటను వీళ్ళు తీసుకొచ్చారు, తీసుకొచ్చి గెలిచారు.

అయితే కొత్త జబ్బు కూడా ఒకటి మొదలైంది, దాన్ని ఇక్కడివాళ్ళే ముందు చెప్పాలి. తెలంగాణ ఊరు అంటే కల్లు, మందు, దావత్, డప్పు, బూతు, ఒక చావు అన్నట్టు సినిమాలు వరుసగా వస్తున్నాయి. సింగరేణి బొగ్గు నేపథ్యంలో 2023లోనే వచ్చిన 'దసరా'లో యాస ఉంది, మసి ఉంది, కానీ ఊరు మొత్తం ఒక బార్ చుట్టూ తిరుగుతుంది. తాగుడు ఇక్కడ లేదని కాదు. ఆ తాగుడు వల్ల ఇల్లు నడుపుతున్న ఆడవాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు, వాళ్ళు తెర మీద చాలా తక్కువ కనిపిస్తారు. నిన్న విలన్‌కు యాస పెట్టి నవ్వించారు, ఇవాళ హీరోకు యాస పెట్టి తాగిస్తున్నారు. నాలుగు 'గిట్ల', 'గట్ల' కలిపితే తెలంగాణ సినిమా అయిపోదు. యాస పలికినంత మాత్రాన మనిషి కనిపించినట్టు కాదు.

కాబట్టి ఇప్పటి సినిమా పాతదానికన్నా దిగజారిందా అన్న ప్రశ్నను విడగొట్టి చూడాలి. వందల కోట్ల సినిమాల్లో రాత, మాట, పాట నిజంగా పలచబడ్డాయి, కారణం డబ్బు తిరిగి రాబట్టే పద్ధతి. నటనలో, కెమెరాలో, శబ్దంలో, మామూలు మనిషిని మామూలుగా చూపించడంలో ఇప్పటివాళ్ళు ముందున్నారు. ఇక తెర మీద ఎవరున్నారన్న సంగతికి వస్తే, ఉత్తర తెలంగాణకు ఇంతకన్నా మంచి కాలం ఎప్పుడూ లేదు. 'మాయాబజార్'ను ఇంకో నూరుసార్లు చూడొచ్చు, చూడాలి కూడా. ఆ స్క్రిప్టు కట్టిన తీరు నేర్చుకోవాల్సిన పాఠం. కానీ దాన్ని చూసి "ఆ రోజులు మళ్ళీ రావాలి" అనుకునేటప్పుడు ఆ రోజుల్లో తెర మీద ఈ ప్రాంతపు మనిషి లేడని కూడా గుర్తుండాలి.

చక్రపాణి, పింగళి పడిన శ్రమను ఈ నేల కథల మీద పెట్టే రచయితలు కావాలి. కథలకు కరువు లేదు. జగిత్యాల, నిజామాబాద్ ఊళ్ళలో దశాబ్దాలుగా మొగవాళ్ళు దుబాయికి, మస్కట్‌కు పోతున్నారు. ఆ ఇళ్ళ గురించి వచ్చిన సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1934లో మొదలై 2002లో మూతపడిన వరంగల్ ఆజంజాహి మిల్లులో పొద్దున సైరన్ కూస్తే నగరం లేచేది. ఆ కార్మికుల మీద జనం టాకీసులో కూర్చుని చూసిన పెద్ద సినిమా ఒక్కటీ లేదు. మెట్‌పల్లిలో, కోరుట్లలో చేట ఒళ్ళో పెట్టుకుని రోజుకు వేయి బీడీలు చుట్టి కూతుళ్ళను డిగ్రీ దాకా చదివించిన తల్లులు ఉన్నారు. వాళ్ళ వేళ్ళ మీదికి కెమెరా ఇంకా పోలేదు.